గడియ ఏ పక్కన ఉంది

బట్లహళ్ళి జయలక్ష్మమ్మ బి.ఎ. పరీక్షల్లో అన్ని పేపర్లూ ఒక్క ఊపులో గట్టెక్కి, చివరి పేపరు దగ్గర రెండుసార్లు బోర్లా పడింది. అది కన్నడ సాహిత్యం పేపరు; ఆ సీమలో ఇంట్లో మాట తెలుగైనా బడి చదువు కన్నడమే. చరిత్ర తప్పితే జ్ఞాపకశక్తి లేదనుకోవచ్చు, అర్థశాస్త్రం తప్పితే తలకెక్కలేదనుకోవచ్చు, కథల పుస్తకం చదివి తప్పడమేమిటని ఊళ్ళో నవ్విన వాళ్ళు నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరూ పాఠంగా పెట్టిన ఆ నవల అట్ట కూడా చూసిన పాపాన పోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో మరి.

జయమ్మ తెలివితక్కువది కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. పి.యు.సి. దాకా చింతామణిలో చదివి, పెళ్ళై బట్లహళ్ళికి వచ్చి, ఇద్దరు పిల్లలు తమంతట తాము బడికి పోయేంత వరకూ ఆగి, ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు దూరవిద్యలో పేరు రాయించుకున్న మనిషి. పొద్దున పొలానికి బువ్వ పంపి, మధ్యాహ్నం పట్టుపురుగులకు ఆకు వేసి, ఆ రెంటి మధ్య దొరికిన అరగంటలో గోడకానుకుని చదువుకునేది. చేతికి ఆకు పసరు అంటి ఉండేది కాబట్టి ఆమె పుస్తకాల అంచులన్నీ పచ్చగా ఉండేవి.

ఆ ఇంట్లో పట్టుపురుగులంటే మాటలు కాదు. చుట్టుపక్కల చాలామంది అప్పటికే పొలంలో వేరే షెడ్డు వేసుకున్నారు. వీళ్ళు మాత్రం పాత పద్ధతిలో ఇంటి నడిమి గదిలోనే మేపేవారు. పంటకు పాతిక రోజులు. పురుగులకు నాలుగుసార్లు జ్వరం వస్తుంది. జ్వరమంటే రోగం కాదు, తిండి మానేసి తల పైకెత్తుకుని నిద్రపోయి, పాత చర్మం విడిచి లేస్తాయి, దానికి ఈ సీమలో జ్వరమనే పేరు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు అవి మేసే మేతకు మనిషన్నవాడు కూర్చునే వీలుండదు. తట్టలు గదిలో పట్టక వసారాకి, వంటింటి గుమ్మం దాకా వస్తాయి. అప్పుడు ఇల్లు పురుగులది, వీధి తిన్నె మగవాళ్ళది. జయమ్మ మామ బయ్యప్ప, భర్త అమరనాథ్ చాపలు, చెంబులు, బీడీలు సర్దుకుని తిన్నె మీదికి కాపురం మార్చేస్తారు. పొగాకు వాసన పురుగులకు పడదు. పోపు వాసన పడదు. పరాయివాళ్ళ అడుగు అసలే పడదు. బస్సెక్కి ఊరు దాటిన మనిషి ఇంటివాళ్ళైనా సరే, తలకు పోసుకుని మర్నాడు పొద్దున దాకా ఆ గది గడప తొక్కకూడదు.

ఈ కట్టుబాట్లన్నిటికీ కాపలాదారు అత్త మునివెంకటమ్మ. అక్షరం ముక్క రాదు. ఆమె చెయ్యి చల్లని చెయ్యి, ఆమె పెట్టిన పురుగు గూడు కట్టకుండా చావదని పేరు. శిడ్లఘట్ట మార్కెట్టులో ఆ ఇంటి గూళ్ళు వచ్చాయంటే పట్టుదారం తీసే రీలర్లు ముందు వాటి దగ్గరికే వచ్చి చేత్తో నొక్కి చూసేవాళ్ళు. మోకాళ్ళు పట్టేసిన తర్వాత, మూడేళ్ళ కిందట, గది లోపలి పని కోడలికి అప్పజెప్పి తను గడప దగ్గర పీట వేసుకుంది. ఆకు పలచగా పడినా, తట్ట వంకరగా పెట్టినా అక్కడి నుంచే కేక. ఎండాకాలం పంటకి జయమ్మ లోపల గడియ పెట్టుకుని పని చేసుకుంటుంటే, బయట ముగ్గురూ ఆమె తలుపు ఎప్పుడు తీస్తుందా అని చూస్తుండేవారు. మంచినీళ్ళ కడవ కూడా లోపలే ఉండేది మరి.

అది 2005. మే నెలలో పరీక్ష. మూడోసారి. ఇక నాలుగోసారి లేదు. పేరు రాయించుకున్న గడువు ఆ ఏడాదితో ముగిసిపోతుంది. ఈసారి తప్పితే ఇన్నేళ్ళ చదువూ రద్దయి మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక తనకు లేదని జయమ్మకి తెలుసు, ఇంటికి అసలే లేదని ఇంకా బాగా తెలుసు.

రెండుసార్లూ తనను పడగొట్టిన ప్రశ్న ఒకటే, మాటలే మారేవి. నవల్లోని స్థలాలు కథానాయిక ఎదుగుదలను ఎలా చూపిస్తాయి? ఆ నవల పాతకాలం నాటిది. దేవీరమ్మ అనే పిల్ల పదమూడేళ్ళకు నడుమ ముంగిలి ఉన్న ఒక తొట్టి ఇంటికి కోడలిగా వస్తుంది. మొదట దొడ్లో రుబ్బురోలు దగ్గర, ఆపైన వంటింట్లో, ఆపైన ధాన్యం నిలవ చేసే చీకటి గదిలో, ఆఖరున ఇంటి ముందరి పడసాలలో ఆమె బతుకు గడుస్తుంది. కరువొచ్చిన ఏడాది మరుదులు ధాన్యం అమ్ముకోవాలని చూస్తే దేవీరమ్మ ఆ చీకటి గదిలోనే నెల్లాళ్ళు ఉంటుంది. తర్వాత బయటికొచ్చి ఊరందరికీ ధాన్యం కొలిచిస్తుంది.

బజార్లో దొరికే గైడులో జవాబు సిద్ధంగా ఉంది. దొడ్డి బానిసత్వం, వంటిల్లు చాకిరీ, చీకటి గది జైలు, పడసాల స్వేచ్ఛ. నాలుగు మాటలు, నాలుగు పేరాలు. జయమ్మ దాన్నే రెండుసార్లు బట్టీ పట్టింది. రెండుసార్లూ మూడో పేరా దగ్గర ఆమె కలం ఆగిపోయింది. చీకటి గది జైలు అని రాయబోతే చెయ్యి సాగేది కాదు. అంతవరకూ చక్కగా రాసి, అక్కడ కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి, గంట కొట్టేలోగా తక్కిన ప్రశ్నలు కూడా చెడగొట్టుకునేది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

తనకెందుకు చెయ్యి సాగడం లేదో మూడో ఏట గానీ ఆమెకి అంతుపట్టలేదు. పురుగులు రెండో జ్వరంలో ఉన్న రోజు, తట్టల మధ్య కూర్చుని నవల చివరి భాగం తిరగేస్తుంటే ఒక వాక్యం కళ్ళబడింది. దేవీరమ్మ గడియ తీసి బయటికి వచ్చింది. అంతే వాక్యం. అంతకుముందు పదిసార్లు చదివిందే. గడియ తీసిందంటే గడియ లోపల ఉన్నట్టే కదా! జైలుకి లోపల గడియ ఎవరు పెడతారు? జయమ్మ తలెత్తి తన గది తలుపుకేసి చూసింది. తను పెట్టుకున్న గడియ తనకెదురుగానే ఉంది. బయట తిన్నె మీద మామ దగ్గుతున్నాడు, భర్త నీళ్ళ కోసం ఎదురు చూస్తున్నాడు.  దేవీరమ్మ ఖైదీ కాదు, ఆ ఇంటికి యజమాని.

చిక్కబళ్ళాపురంలో ఆదివారాలు క్లాసులు జరిగేవి. మే ఎనిమిదో తేదీ ఆఖరి క్లాసు. పాఠం చెప్పే నేత్ర చిన్న వయసు మనిషి, చిక్కబళ్ళాపురం వ్యాపారస్తుల ఇంటి పిల్ల. ఇంట్లో తెలుగే అయినా క్లాసంతా కన్నడంలోనే. ఆమె సరిగ్గా ఆ ప్రశ్నే తీసుకుని, చీకటి గది జైలుకు సంకేతమని బోర్డు మీద రాయగానే జయమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో క్లాసులో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మేడం, ఆ గది జైలు కాదు. ఆమె ఆ గదికి అధికారి" అంది కన్నడంలో.

క్లాసులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు. జయమ్మ గడియ సంగతి చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఉత్సాహంలో, మా ఇంట్లో పురుగుల కాలంలో మేము లోపల ఉంటాం, మగవాళ్ళు బయట ఉంటారు, అందుకని నాకు తెలుసు అని కూడా అనేసింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "నవల్లో ధాన్యం ఉండేది, పురుగులు కాదు" అన్నారింకెవరో. క్లాసంతా నవ్వింది. జయమ్మ చెవులు ఎర్రబడ్డాయి, కూర్చుంది.

నేత్ర నవ్వలేదు. పుస్తకం తెరిచి ఆ వాక్యం చూసింది, రెండోసారి చూసింది. క్లాసయ్యాక జయమ్మను ఆపి తెలుగులో మాట్లాడింది.

"జయమ్మా, మీరు చెప్పింది బాగుండాది. ఆరేండ్లుగా పాఠం చెప్తా ఉండాను, ఆ గడియ నేను చూడనే లేదు. అయితే పరీక్షలో ఇది రాయాకండి."

"ఎందుకు మేడం? తప్పా?"

"తప్పని కాదమ్మా. మొదట్లో ఆ పిల్లను అదే గదిలో పెట్టేది ఉండాది గదా, అది జైలే గదా? మీరు చెప్పేది సగమే నిలబడతాది. దిద్దేవాళ్ళు ఇది చూస్తే అడ్డగీత కొట్టేస్తారు. మీకిది ఆఖరి సారి. గైడులో ఉండేది రాసి గట్టెక్కండి."

నేత్ర మంచికే చెప్పింది. మంచి మాటే ఒక్కోసారి ఎక్కువ నొప్పి పెడుతుంది. చింతామణిలో బస్సు మారి బట్లహళ్ళి చేరేసరికి పొద్దు గూకుతోంది. తలకు పోసుకుని, ఊరు దాటి వచ్చిన మనిషి కాబట్టి గదిలోకి పోకుండా, గుమ్మం ఇవతల వసారాలో గోడకానుకుని కూలబడింది. ఆమె ఊరు దాటిన రోజుల్లో లోపలి పని మునివెంకటమ్మది. మోకాళ్ళ నొప్పితో మూలుగుతూనే ముసలామె తట్టలకు ఆకు వేస్తోంది. నాలుగో జ్వరం రేపో ఎల్లుండో లేస్తుంది.

"మే జయా, వచ్చినావా? మొగమేల యాలాడేసుకోని కూర్చున్నావు?" అంది తలుపు సందులోంచి. ఆ ముసలామెకి చీకట్లో కూడా మొహాలు కనబడేవి.

జయమ్మకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కోడలు ఏడవడం మునివెంకటమ్మ ఇన్నేళ్ళలో చూడలేదు. "ఎవురేమన్నారే? ఆ మేడమా?" అని గద్దించింది. అలా గద్దిస్తే గానీ చెప్పదని కాబోలు. జయమ్మ నవల కథంతా చెప్పింది. పుస్తకం కన్నడం, చెప్పింది తెలుగు. దొడ్డి, వంటిల్లు, చీకటి గది, కరువు, మరుదులు, గడియ. అత్త ఆకు వేసే చప్పుడు మధ్యలో ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంది.

"అయితే ఆ గడియ ఎవురేసినారంట?" అంది మునివెంకటమ్మ చివరకు.

"అదే తగాదా అత్తా. మొగోళ్ళు యేసినారని గైడులో ఉండాది. ఆ యమ్మే యేసుకునిందని నేనంటా ఉండాను."

"ఇద్దురిదీ తప్పే."

"ఎట్లత్తా?"

"తలుపు బయటి పక్క, పైన, నువ్వు ఏపాకు కడతావే, ఆడ చెయ్యి పెట్టి చూడు."

జయమ్మ లేచి తడిమింది. అక్కడ రెండు మొద్దు మేకులు ఉంటాయి, పంట పెట్టిన రోజు వేపమండ కట్టేది వాటికే. మేకుల పక్కన సున్నం కింద ఇంకో నాలుగు గుంటలు వేలికి తగిలాయి. గుంటల మధ్య చెక్క నున్నగా అరిగి ఉంది. ఇనుప కడ్డీ ఎన్నేళ్ళో అటూ ఇటూ జరిగిన చోటు అది. ఏళ్ళ తరబడి ఆ తలుపుకే వేపమండ కడుతున్న మనిషికి ఆ అరుగుడు కనబడనే లేదు.

"నేనీ ఇంటికి వచ్చినప్పుడు నాకు పద్నాలుగేండ్లు" అంది మునివెంకటమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, ఆకు లెక్క చెబుతున్నట్టే చెబుతోంది. "చెయ్యి చల్లగా ఉండాదని మా అత్త నన్ను ఈ గదిలో యేసె. ఒకసారి గుడిబండెకు, మా యమ్మ దగ్గరికి పారిపోతి. పట్టుకోని వచ్చి, ఆపొద్దునుంచి గడియ బయట పెట్టిరి. ప్రతి పంటకూ ఆకరి పది దినాలు బయటి నుంచే సంగటి తోసేది. ఆ పది దినాలు జైలు గాకుంటే ఏందే? మీ మేడం చెప్పేది నిజమే."

"మరి లోపలికెట్ల వచ్చె గడియ?"

"చెప్తా ఉండానుగా. నాలుగో ఏడు అందురూ పొలానికి పోయినారు. చీమలు పట్టె తట్టలకు. నీళ్ళు కావల్ల, బూడిది కావల్ల, నేను లోపల. తలుపు కొట్టినా, అరిచినా. ఎవురొచ్చేది? చేత్తో ఏరినా చీమల్ను. సగం పంట పాయె. సాయంత్రం మా మామ వచ్చి నన్ను కొట్టనీకి చెయ్యెత్తినాడు. కొట్టుకో మామా, అంటి. రేపట్నుంచి గడియ బయటుంటే నేను లోపలికి పోను, మిగిలిన పురుగుల్ను మీరే మేపుకోండి, అంటి. రెండు దినాలు వాళ్ళే మేపినారు. ఎవురికి చేతనవుతాది? మూడో దినం మీ మామే పోయి కొయ్యపని చేసే వడ్లాయన్ను పిల్చుకోని వచ్చినాడు. గడియ ఈ పక్కకు వచ్చె."

తిన్నె మీద బయ్యప్ప దగ్గాడు. విన్నాడో లేదో తెలియదు.

"గది అదే. తట్టలవే. పురుగులవే. ఆ దినం మొదలు ఈ ఇంట్లో నా మాటకు ఎదురు ల్యాకపాయ."

"అయితే అప్పుట్నుంచి నీ రాజ్యమే అన్నమాట" అంది జయమ్మ, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

"రాజ్యమేందే, నడుమిరిగే పని. అయితే నా పని." ఇంకో తట్టకు ఆకు పరుస్తూ, "కొన్ని దినాలు లోపల గడియ ఉన్నా జైలు మాదిరే ఉంటాది. పోదామంటే పోలేం గదా. అదీ రాయి" అంది.

జయమ్మ పుస్తకం తీసి వసారా బల్బు కింద కూర్చుంది. రెండో అధ్యాయం తెరిచింది. పదమూడేళ్ళ దేవీరమ్మను దొడ్డి చాకిరీ రోజుల్లోనే మొదటిసారి ధాన్యం గదిలోకి పంపిన చోటు. బయట కడ్డీ పడిన చప్పుడు విని ఆ పిల్ల ఉలిక్కిపడిందని రాసి ఉంది. ఇరవై మూడో అధ్యాయం తెరిచింది. దేవీరమ్మ గడియ తీసి బయటికి వచ్చింది. ఈ రెంటి మధ్య గడియ ఎప్పుడు మారిందో ఆ రచయిత ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండా గది అలాగే ఉంచి, గడియ ఒక్కటి అటు నుంచి ఇటు మార్చేశాడు. దొడ్డి, వంటిల్లు, పడసాల అని స్థలాలు లెక్కబెట్టుకుంటూ పోయిన వాళ్ళకి అది కనబడదు. ఒకే స్థలంలో మనిషి రెండుసార్లు నిలబడితే, రెండోసారి ఎవరు నిలబడ్డారో చూడాలి. జయమ్మకి ఇప్పుడు సగం జవాబు కాదు, మొత్తం జవాబు చేతిలో ఉంది. ఆ జవాబు గైడులో లేదు. పరీక్షలో రాయడానికి ధైర్యం ఉందో లేదో ఆమెకే తెలియదు.

నాలుగు రోజులు ఊపిరాడని పని. మే పన్నెండున పరీక్ష. ఆ పొద్దున పురుగులు నాలుగో జ్వరం లేచి రెండో రోజు, ఆకు ఎంత పోసినా చాలని ఆకలి మీద ఉన్నాయి. చేతులు పదున్నా చాలని రోజున ఇంటి చెయ్యి ఒకటి బస్సెక్కి పోవడమంటే ఆ సీమలో ఎవరూ హర్షించరు. అమరనాథ్ నోరు తెరవబోయాడు. "దాని బదులు నేను లోపల పోతాను. నువ్వు ఆకు కోసుకోని రా పో" అంది తల్లి. అతను నోరు మూసుకుని కొడవలి తీసుకున్నాడు.

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిప్పగానే అదే ప్రశ్న. జయమ్మ మూడుసార్లు చదివింది. గైడులోని నాలుగు పేరాలు నాలుక చివర ఉన్నాయి, వాటిని రాస్తే పాసు మార్కులు ఖాయం, రెండేళ్ళుగా నోటికొచ్చినవే. అడ్డగీత, రద్దయ్యే చదువు, మళ్ళీ నవ్వే ఊరు, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి.  కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

మొదటి రెండు పేరాలు గైడులో మాదిరే రాసింది. మూడో పేరా దగ్గరికి వచ్చింది. ఈసారి చెయ్యి ఆగలేదు. గది ఒకటే, గడియ మారింది, అని మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసింది. రెండో అధ్యాయంలో కడ్డీ పడిన చప్పుడు, ఇరవై మూడో అధ్యాయంలో తీసిన గడియ, రెండింటినీ పేజీ నంబర్లతో సహా ఎదురెదురుగా పెట్టింది. లోపలి గడియ కూడా కొన్నిరోజులు జైలేనని, అందుకే దేవీరమ్మ ఆఖరికి పడసాలకి వచ్చిందని రాసింది. పట్టుపురుగులు మేపే ఒక ఇంటిలో ఒక కోడలు గడియ మార్పించిన సంగతి కూడా ఏడెనిమిది వాక్యాల్లో రాసింది. పరీక్ష కాగితంలో అలాంటివి రాయొచ్చో లేదో ఆలోచించలేదు. గంట కొట్టారు.  రాసింది తప్పో ఒప్పో గానీ, కొట్టివేత ఒక్కటి లేకుండా రాసిన మొదటి కాగితం అది.

ఇంటికొచ్చి ఆ సాయంత్రం వీధి తిన్నె మీద మామ పక్కన కూర్చుంది. కోడలు మామతో సమంగా తిన్నె మీద కూర్చోవడం ఆ ఇంట్లో లేదు, కానీ లోపలికి పోరాదు, వసారా నిండా తట్టలు. బయ్యప్ప కాస్త జరిగి చోటిచ్చాడు. "రాసినావామ్మా?" అన్నాడు. "రాసినాను మామా" అంది. లోపల నుంచి మునివెంకటమ్మ వీధి తలుపు సందులోంచి చేయి చాపి ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ అందించింది.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. నేత్రే ఫోన్ చేసింది, ఊళ్ళో ఎస్టీడీ బూత్ ఉన్న అంగడికి. డెబ్బై ఆరు. చిక్కబళ్ళాపురం కేంద్రంలో ఆ పేపరుకు అంతకుమించి ఎవరికీ రాలేదు. "మీ జవాబు దిద్దినాయన ఎవురో గానీ, చదివినాడు" అంది నేత్ర.  నవ్విన ఊరు మర్నాటికల్లా "మా జయమ్మ" అనడం మొదలుపెట్టింది. ఊరి తీరే అంత. అమరనాథ్ మాత్రం చింతామణికి పోయి ఒక కొత్త కలం కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మునివెంకటమ్మ ఆ వార్త విని తల ఊపింది. కాసేపటికి అడిగింది:

"నా సంగతి రాసినావంటివే, నా పేరు రాసినావా?"

"లేదత్తా. పరీక్షలో పేర్లు రాస్తే తప్పనుకుంటారని, ఒక కోడలని రాసినా."

"పేరు రాయాల్సింది" అంది మునివెంకటమ్మ.  లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. జయమ్మకి డెబ్బై ఆరు మార్కుల సంతోషంలో ఎక్కడో ముల్లు దిగినట్టయింది. నలభై ఏడేళ్ళుగా ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి పేరు ఒక్క కాగితం మీద కూడా లేదు. ఒక్క కాగితం దొరికితే తను కూడా రాయలేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్లో నేత్ర నుంచి కబురు వచ్చింది. కొత్త బ్యాచీకి అదే నవల పాఠం. ఆ ఒక్క క్లాసు జయమ్మ వచ్చి చెప్పాలి. ఆ కబురు వచ్చేసరికి ఇంట్లో పురుగులు మూడో జ్వరం లేచి ఉన్నాయి. జయమ్మ అత్త ఎదుటికి వెళ్ళి, "నువ్వూ రావల్ల అత్తా" అంది. మునివెంకటమ్మ ఆ ఇంటికి వచ్చి నలభై ఎనిమిదేళ్ళు. పంట కాలంలో ఊరు దాటింది ఒక్కసారే, గుడిబండెకు పారిపోయినప్పుడు. ఆమె మొగుడికేసి, కొడుక్కేసి చూసింది.

"నేను మేపుతాను, పోండి" అన్నాడు అమరనాథ్. అన్నాడే గానీ ముఖంలో భయం దాచుకోలేకపోయాడు. ఆ ఆదివారం పొద్దున కాళ్ళు కడుక్కుని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నది అమరనాథ్. తలుపు బయట పీట మీద బయ్యప్ప. "ఆకు పలచంగా ఎయ్యి" అని కేకలు. నీళ్ళ కోసం ఈసారి ఎదురు చూసింది ఆయన.

చిక్కబళ్ళాపురం కాలేజీలో మునివెంకటమ్మకి ముందు వరసలో కుర్చీ వేశారు. బెంచీ చాలు అంటే నేత్ర ఒప్పుకోలేదు. నలభై మంది పిల్లలు. జయమ్మ గొంతు మొదట్లో పీలగా వచ్చింది. బోర్డు మీద ముందుగా దేవీరమ్మ అని రాసి, దాని కింద, పెద్ద పెద్ద కన్నడ అక్షరాల్లో, మునివెంకటమ్మ, బట్లహళ్ళి అని రాసింది. రాసి, ఆ రెండో పేరు ఎవరిదో చెప్పింది. పద్నాలుగేళ్ళ పిల్ల, బయటి గడియ, చీమలు, మూడో రోజు వచ్చిన వడ్లాయన, అన్నీ చెప్పింది. చెబుతుంటే గొంతు దానంతటదే నిలబడింది. ఆ క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం పుస్తకం మూసేసి, ముందు వరసలోని ముసలామెను చూస్తూ ఉండిపోయింది.

మునివెంకటమ్మ బోర్డు కేసే చూస్తోంది. పక్కనున్న నేత్ర చెయ్యి తట్టి అడిగింది:

"అది నా పేరేనా తల్లీ?"

"అవునమ్మా. కిందిది మీది."

"పైనిది?"

"నవల్లో ఉండే యమ్మది. దేవీరమ్మది."

మునివెంకటమ్మ కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు కరకరమంటుండగా లేచి నిలబడింది. పైట సర్దుకుంది. క్లాసంతా వినేట్టుగా కోడలితో అంది:

"జయా! ఆ యమ్మది కత. నాది జరిగింది. నాది పైన రాయి."

జయమ్మ డస్టరు తీసుకుని రెండు పేర్లూ తుడిచేసి, మొదటి నుంచి రాసింది.